రెండు సెల్లుల ఖర్చు

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సందర్భంగా బరంపురంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. "పొదుపు గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శి గారు అడిగారు. పొదుపు గురించి మీకు ఇంట్లో అమ్మానాన్నలు రోజూ చెబుతూనే ఉంటారు. అందుకని నేను ఒక ఖర్చు గురించి చెబుతాను. తుపానో వరదో వచ్చే ముందు జనాన్ని హెచ్చరించే ఏర్పాటు ఒకటి ఉండాలి కదా, దానికి డబ్బు ఎవరు పెట్టాలి, ఎన్నాళ్లు పెట్టాలి అన్నది ఈ రోజు నా విషయం. గంజాం జిల్లాలో ఉన్నవాళ్లకు ఇది పరాయి విషయం కాదు.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకొని మొదలుపెడతాను.

1999 అక్టోబరు అనగానే అందరూ 29వ తేదీన పారాదీప్ దగ్గర తీరం దాటిన మహా తుపానునే తలుచుకుంటారు. మన బరంపురం పెద్దలకు మాత్రం అంతకు పన్నెండు రోజుల ముందు వచ్చినది కూడా గుర్తే. ఆ నెల 17, 18 తేదీలలో గోపాలపూర్ దగ్గర తీరం దాటిన తుపాను మన జిల్లాను చావగొట్టింది. అప్పుడు దసరా రోజులు. మా నాన్నగారు పండుగకని సముద్రం వైపు ఉన్న మా పాత ఊరికి వెళ్లారు. పెంకుటిల్లు, మట్టిగోడలు. నేను, నా భార్య, పిల్లలు ఇక్కడే ఉన్నాము.

మా ఇంట్లో మంచి ట్రాన్సిస్టరు ఉండేది. బోనస్ డబ్బులతో ముచ్చటపడి కొన్నది. కాని అందులో సెల్లులు అయిపోయి నెలలు గడిచాయి. పిల్లలకు చెబుతున్నాను, సెల్లులంటే మీ చేతిలోని సెల్‌ఫోన్లు కావు. టార్చిలైటులో, రేడియోలో వేసుకునే బ్యాటరీలు. రోజూ కిరాణా కొట్టు ముందు నుంచే బ్యాంకుకు నడిచి వెళ్లేవాణ్ణి. రేపు కొందాం, ఎల్లుండి కొందాం అనుకుంటూ ఉండిపోయాను. రెండు సెల్లులకు ఇరవై రూపాయలు కూడా కావు ఆ రోజుల్లో. పండుగ హడావుడిలో టీవీ ఎవరూ పెట్టలేదు. పెట్టాలనుకునే వేళకు కరెంటు పోయింది. రేడియోలో హెచ్చరికలు వస్తూనే ఉన్నాయని తర్వాత తెలిసింది. అవి నా చెవిన పడి ఉంటే ముందు రోజే బస్సెక్కి నాన్నగారిని తీసుకొచ్చేవాణ్ణి.

రాత్రి గాలికి ఆ ఇంటి పడమటి గోడ కూలింది. నాన్నగారి కాలు విరిగింది. రోడ్ల మీద చెట్లు పడి దారులు మూసుకుపోవడంతో ఆయనను ఆసుపత్రికి చేర్చడానికి రెండు రోజులు పట్టింది. ప్రాణం దక్కింది. కాని ఆ తర్వాత బతికినన్నాళ్లూ చేతికర్రతోనే నడిచారు. ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కర్ర చప్పుడు ఇంట్లో వినిపించినప్పుడల్లా నాకు ఆ రెండు సెల్లులే గుర్తుకు వచ్చేవి.

కామర్సు విద్యార్థులకు ఇది పాఠంలోని విషయమే. ఖర్చులో రెండు రకాలు. ఒకటి మూలధన వ్యయం, అంటే ఒక్కసారి పెట్టి వస్తువును కొనడం. రెండవది రాబడి వ్యయం, అంటే ఆ వస్తువు పనిచేస్తూ ఉండడానికి ఏటేటా పెట్టేది. మా ఇంట్లో మొదటి ఖర్చు జరిగింది, రెండవది జరగలేదు. ట్రాన్సిస్టరు అలమారాలో ఉంది, హెచ్చరిక మాత్రం ఇంటికి రాలేదు. ఒక కుటుంబం చేసిన ఈ పొరపాటును ఒక ఊరు చేస్తే, ఒక జిల్లా చేస్తే ఏమవుతుందో చూద్దాం.

మన తెలుగు పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం సంగతి ముందు చెబుతాను. మా చెల్లెలి కొడుకు కూడా అక్కడే ఆస్టిన్‌లో ఉంటున్నాడు. 2025 జులైలో అతను ఫోను చేసి, "మామయ్యా, ఇంత డబ్బున్న దేశంలో కూడా ఇలా జరుగుతుందా!" అన్నాడు. అక్కడ కెర్ కౌంటీ అని ఒకటుంది. కౌంటీ అంటే మన చిన్న జిల్లా వంటిది, జనాభా యాభై వేల పైచిలుకు. దాని గుండా గ్వాడలూప్ అనే నది పారుతుంది. నది ఒడ్డున పిల్లల వేసవి శిబిరాలు చాలా ఉన్నాయి. 2025 జులై 4 తెల్లవారకముందే, జనం గాఢనిద్రలో ఉండగా నది పొంగింది. ముప్పావుగంటలో 26 అడుగుల దాకా లేచిందని అక్కడి ప్రభుత్వం వారు చెప్పారు. ఆ ఒక్క కౌంటీలోనే 115 మందికి పైగా చనిపోయారు. క్యాంప్ మిస్టిక్ అనే బాలికల శిబిరంలోనే పాతిక మందికి పైగా పోయారు. వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలు.

హెచ్చరిక లేదా అంటే, ఉంది. అక్కడి వాతావరణ శాఖ ముందు రోజు మధ్యాహ్నమే వరద రావచ్చని చెప్పింది. అర్ధరాత్రి దాటి ఒంటిగంట పధ్నాలుగు నిమిషాలకు ఆకస్మిక వరద హెచ్చరిక జారీ చేసి ఫోన్లకు పంపింది. కాని ఆ లోయలో చాలా చోట్ల ఫోను సిగ్నలు సరిగా అందదు. అందినచోట కూడా ఆ వేళకు మెలకువగా ఉండేది ఎందరు? ఒడ్డున నిద్రపోయే మనిషిని లేపడానికి సైరను లేదు.

ఆ సైరన్ల ఆలోచన ఎవరికీ రాలేదా అంటే, అదీ వచ్చింది. 1987లో ఇదే నది వరదలో శిబిరం నుంచి తిరిగి వెళుతున్న పదిమంది పిల్లలు చనిపోయారు. 2015లో పక్క ప్రాంతంలో పెద్ద వరద వచ్చాక, 2016లో కెర్ కౌంటీ కమిషనర్లు సమావేశాల్లో సైరన్ల గురించి చర్చించారు. ఖర్చు ఎక్కువన్నవారు ఉన్నారు, అర్ధరాత్రి ఆ మోత ఎవరికి కావాలన్నవారూ ఉన్నారు. 2017లో నదీ సంస్థతో కలిసి సుమారు పది లక్షల డాలర్ల పథకానికి పైనుంచి సాయం అడిగారు. అది మంజూరు కాలేదు. 2021లో కోవిడ్ సహాయం కింద కౌంటీకి కోటి డాలర్లకు పైగా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం పోలీసు శాఖ రేడియో వ్యవస్థకు, సిబ్బంది అవసరాలకు, తదితర పనులకు వెళ్లింది. అవి దుబారా అని నేను అనను. అవీ కావలసిన ఖర్చులే. కాని వరుసలో సైరను వంతు మాత్రం రాలేదు.

అదే నది మీద, దిగువన, పక్క కౌంటీలో కంఫర్ట్ అనే చిన్న ఊరుంది. జనాభా రెండు వేల పైచిలుకు. అక్కడి అగ్నిమాపక దళం స్వచ్ఛంద సేవకులది. వాళ్లు పైనుంచి సాయం వచ్చేదాకా ఆగలేదు. తమ బడ్జెట్టులో కొంత తీశారు. కౌంటీ కమిషనర్లను ఒప్పించి కొంత తెచ్చారు. ఒక గ్రాంటు సంపాదించారు. కరెంటు సంస్థ వారు స్తంభం ఉచితంగా ఇచ్చారు. ఇలా కూడదీసి 2024లో కొత్త సైరను పెట్టుకున్నారు. పాత సైరనును పారేయక బాగుచేయించి ఊరి పార్కు దగ్గర నిలబెట్టి, నీటిమట్టాన్ని కొలిచే పరికరానికి కలిపారు. నీరు ఒక మట్టం దాటితే దానంతట అదే మోగుతుంది. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి సైరను మోగించి చూసుకునేవారు. ఆ వేళ కాక ఇంకెప్పుడు మోగినా ఏదో ఉందని ఊరివాళ్లు తెలుసుకోవాలి.

2025 జులై 4న ఆ సైరన్లు మోగాయి. అగ్నిమాపక దళం వాళ్లు వీధివీధి తిరిగి జనాన్ని లేపారు. కంఫర్ట్ ఊళ్లో ఒక్క మరణమూ నమోదు కాలేదు. లెక్క సరిగ్గా చెప్పాలి కనుక ఇదీ చెబుతున్నాను. ఆ ఊరు దిగువన ఉండడం వల్ల వరద అక్కడికి చేరేలోగా వాళ్లకు ఎక్కువ సమయం దొరికింది. ఎగువ వాళ్లకు ఆ అవకాశం లేదు. సైరనొక్కటే కాపాడిందని నేను అనడం లేదు. దొరికిన సమయాన్ని వాడుకునే ఏర్పాటు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉందని అంటున్నాను. ఆ ఏడాది సెప్టెంబరులో టెక్సాస్ ప్రభుత్వం, వరద ముప్పు ఉన్న ప్రాంతాలలో సైరన్లు ఉండాలని చట్టం చేసి, నిధులు కూడా కేటాయించింది. మంచిదే. కాని అప్పటికి ఆ పిల్లలు లేరు.

ఇక మన ఒడిశాకు వద్దాం. ఈ విషయంలో మన రాష్ట్రం ప్రపంచం దగ్గర నేర్చుకున్నదీ ఉంది, ప్రపంచానికి నేర్పినదీ ఉంది.

1999 మహా తుపానులో ఒడిశాలో దాదాపు పదివేలమంది చనిపోయారు. జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని ఎరసమా ప్రాంతంలో సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే రాష్ట్ర ప్రభుత్వం విపత్తుల కోసం ఒక ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. మన దేశంలో అటువంటి సంస్థ పెట్టుకున్న మొదటి రాష్ట్రాలలో ఒడిశా ఒకటి. తర్వాత తుపాను షెల్టర్లు కట్టారు, ఊరూరా యువకులకు శిక్షణ ఇచ్చారు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మళ్లీ మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. మళ్లీ దసరా రోజులే. ఈసారి ప్రభుత్వం ఉద్యోగుల పండుగ సెలవులు రద్దు చేసింది. టీవీలో, రేడియోలో, ఫోన్లలో చెప్పడమే కాక జీపుకు మైకు కట్టి సముద్రపు ఒడ్డు ఊళ్లన్నీ తిరిగారు. ఒడిశాలో దాదాపు పది లక్షలమందిని ముందే తరలించారు. ఇళ్లు, తోటలు, పడవలు ఎన్నో పోయాయి. కాని చనిపోయినవారి సంఖ్య ఆ తర్వాతి వరదలతో కలిపినా పదులలోనే ఆగింది. అప్పటికి తీరంలో సైరను స్తంభాలు లేవు. కబురు మోసినది ముఖ్యంగా మనుషులే. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

సైరన్లు 2018లో వచ్చాయి. జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకం అని, ప్రపంచ బ్యాంకు అప్పుతో కేంద్రం చేపట్టిన పథకం ఉంది. దాని తొలి దశలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. షెల్టర్లు, రోడ్లు, కరకట్టల వంటి నిర్మాణాలకు కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం పెట్టుకోవాలి. హెచ్చరికను చివరి మనిషి దాకా చేర్చే భాగానికి మాత్రం మొత్తం ఖర్చు కేంద్రానిదే. అలా ఒడిశాలో బాలేశ్వర్ నుంచి గంజాం దాకా ఆరు తీర జిల్లాలలో, తీరం పొడవునా, 122 చోట్ల సైరను స్తంభాలు లేచాయి. భువనేశ్వర్‌లో కూర్చుని ఒక్క మీట నొక్కి అన్నింటినీ మోగించవచ్చు.

ఇప్పుడు బ్యాంకు గుమాస్తా ప్రశ్న ఒకటి. స్తంభం నిలబెట్టడానికి ప్రపంచ బ్యాంకు, కేంద్రం కలిసి వచ్చాయి. పథకం అన్నాక ఒకనాడు ముగుస్తుంది. ఆ మరునాటి నుంచి ఉప్పుగాలికి తుప్పు పట్టే బోల్టు ఎవరిది? మూడు నాలుగేళ్లకోసారి మార్చవలసిన బ్యాటరీ ఎవరిది? నెలకోసారి మోగించి చూసే జీతగాడు ఎవరు? కొత్తది ప్రారంభించే రోజున రిబ్బను కట్ చేయడానికి పెద్దలు వస్తారు, ఫొటోలు తీస్తారు. బ్యాటరీ మార్చిన రోజున ఎవరూ ఫొటో తీయరు. అందుకే ఆ పద్దు బడ్జెట్టులో ముందుగా కోతకు గురవుతుంది. కోత పడినా వెంటనే ఎవరికీ తెలియదు. తుపాను వచ్చిన రాత్రి తెలుస్తుంది.

చట్టం ఏమంటుందో కూడా చెబుతాను. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో 41వ సెక్షను స్థానిక సంస్థల బాధ్యతలు చెబుతుంది. తమ ఉద్యోగులకు శిక్షణ ఇప్పించాలి, విపత్తు సమయంలో పనికివచ్చే సామగ్రిని ఎప్పుడంటే అప్పుడు వాడుకునేలా ఉంచాలి. పంచాయతీ అయినా, మునిసిపాలిటీ అయినా అంతే. డబ్బు విషయానికి వస్తే, 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఐదేళ్లకు రాష్ట్రాల విపత్తు నిధులు లెక్కగట్టినప్పుడు, నష్టం జరిగాక ఇచ్చే సహాయంతో పాటు నష్టం రాకుండా ముందే చేసే పనులకు 20 శాతం విడిగా పెట్టమంది. మందుకు ఇచ్చే డబ్బులో కొంత పథ్యానికి కూడా ఇచ్చినట్లు. అంటే పైన నిధి ఉంది, కింద బాధ్యత ఉంది. రెంటికీ మధ్య ఊరివాళ్లు అడగడం అనే మెట్టు ఒకటుంది.

అడిగితే ఎంత అడగాలి? పిల్లలూ, ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది ఊహకోసం తీసుకున్న లెక్కే సుమా. ఒక పంచాయతీలో మూడు వేలమంది ఉన్నారు. మూడు లక్షలు పెట్టి మైకు, సైరను, బ్యాటరీలు ఏర్పాటు చేశారు. నిర్వహణకు ఏటా అందులో పదోవంతు, అంటే ముప్పై వేలు కావాలనుకుందాం. మనిషికి ఏడాదికి ఎంత పడింది? పది రూపాయలు. ఒక టీ డబ్బులు. ఈ లెక్క మీరు మీ ఊరి అంకెలతో వేసి, గ్రామసభలో లేచి చెప్పండి. "సైరను కావాలి" అని మాత్రమే అంటే అర్జీల కట్టలో కలిసిపోతుంది. "మనిషికి పది రూపాయలు" అంటే సర్పంచి గారు ఆగి వింటారు.

డబ్బు ఉన్నా పని జరగని చోటు కూడా నేను చూశాను. రిటైరయ్యాక ఒక తీర గ్రామంలో తుపాను షెల్టరు కమిటీ వారు లెక్కలు చూసిపెట్టమని నన్ను పిలిచారు. ఊరి పేరు అనవసరం. కమిటీ పేరున మూలనిధి డిపాజిట్టు ఉంది. దాని మీద వచ్చే వడ్డీతో షెల్టరు బాగోగులు చూసుకోవాలి. వెళ్లి చూస్తే చేతిమైకు పలకడం లేదు, టార్చిలైట్లు వెలగడం లేదు, జనరేటరులో డీజిలు లేదు. పాసుబుక్కు తీసి చూశాను. వడ్డీ జమ అవుతూనే ఉంది. రెండున్నరేళ్లుగా ఒక్క రూపాయి తీయలేదు.

కారణం ఏమిటంటే, ఖాతా ఇద్దరి సంతకాల మీద నడవాలి. రెండవ సంతకం చేయవలసిన మాస్టరు గారికి బదిలీ అయింది. ఆయన ఊరు విడిచి వెళ్లిపోయారు. కొత్తవారి సంతకం బ్యాంకులో చేరలేదు. కమిటీ వాళ్లు ఒకసారి చెక్కు రాసి పంపితే "సంతకం సరిపోలేదు" అని తిరిగి వచ్చిందట. అంతటితో వదిలేశారు.

ఆ మాట విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఎందుకంటే నా ఉద్యోగకాలంలో అటువంటి చెక్కులు ఎన్నో నేనే తిప్పి పంపాను. రూలు ప్రకారం అది సరైన పనే. కాని "బాబూ, తీర్మానం కాపీ ఒకటి, కొత్తవారి గుర్తింపు కాగితాలు, ఫొటో తెచ్చి సంతకం కార్డు మార్పించుకోండి" అని కౌంటరు దాటి ఎందరికి చెప్పాను? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ తిరిగి వెళ్లిన చెక్కుల్లో ఏది ఏ ఊరి సెల్లుల డబ్బో నాకు తెలియదు.

ఈ పనికి మన ట్రస్టు ఉపకార వేతనం అందుకున్న ఇద్దరు డిగ్రీ విద్యార్థులు నాకు తోడు వచ్చారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఇద్దరికీ ఒడియా రాయడం బాగా వచ్చు. కమిటీ సమావేశం పెట్టించి, తీర్మానం ఒడియాలో వాళ్లే రాశారు. బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగాము. మూడు వారాలకు ఖాతా కదిలింది. మైకుకు బ్యాటరీ, టార్చీలకు సెల్లులు, జనరేటరుకు డీజిలు, అన్నీ కలిపి మూడు వేల లోపే అయింది. ఆ అమ్మాయి ఖర్చు పద్దు రాస్తూ, "ఇంతేనా తాతగారూ?" అని అడిగింది. ఇంతే అమ్మా, అన్నాను.

మరొక విషయం మన తెలుగువారికి ప్రత్యేకమైనది. గోపాలపూర్ మొదలుకొని దక్షిణాన ఆంధ్ర సరిహద్దు దాకా తీరంలో వేటకు వెళ్లే మన గంగపుత్రుల ఇళ్లలో మాట్లాడేది తెలుగే. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, అమ్మమ్మలకు తెలుగు తప్ప రాదు. సైరను మోతకు భాష అక్కరలేదు. కాని మోగిన తర్వాత "ఎటు వెళ్లాలి, ఏమి పట్టుకెళ్లాలి, ఎప్పటిలోగా" అని చెప్పే మాటకు భాష కావాలి. 2023లో మన దేశంలో ఫోన్లకు అత్యవసర సందేశాలు పంపి పరీక్షించారు. ఫోను పెద్దగా మోగి, తెరమీద అక్షరాలు వచ్చాయి. చాలామంది భయపడి ఫోను ఆపేశారు కూడా. చదువురాని అవ్వకు ఆ అక్షరాలు ఏ భాషలో వచ్చినా ఒకటే. పక్కన చదివి చెప్పే మనవడు ఉండాలి.

ఇందుకు మనకు గర్వకారణమైన ఊరు దగ్గరలోనే ఉంది. గంజాం జిల్లా తీరంలోని వెంకట్రాయిపూర్. 2020లో ఐక్యరాజ్య సమితి విభాగమైన యునెస్కో వారి సముద్ర శాస్త్ర సంఘం ఆ ఊరిని, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహిని "సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్లు"గా గుర్తించింది. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలలో ఆ గుర్తింపు ముందుగా పొందినవి ఈ రెండే. దానికోసం ఊరివాళ్లు ముప్పు పటం గీసుకోవాలి, దారి చూపే బోర్డులు పెట్టుకోవాలి, రేయింబవళ్లు హెచ్చరిక అందుకునే ఏర్పాటు ఉండాలి, కసరత్తు చేయాలి. ఒకసారి వస్తే శాశ్వతం కాదు, మళ్లీ మళ్లీ నిరూపించుకోవాలి. ఆ నియమం నాకు బాగా నచ్చింది. మన బ్యాంకు ఖాతాల్లాగే, వాడుతూ ఉంటేనే నడుస్తుంది.

అలాగని తీరంలో సైరన్లు ఉన్నాయి కదా, అంతా అయిపోయిందనుకోకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మనకు దక్షిణాన శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశాలో ఎక్కువ ప్రాణాలు పోయింది సముద్రం ఒడ్డున కాదు. లోపల గజపతి జిల్లా కొండలలో, కుంభవృష్టికి కొండచరియలు విరిగిపడి పోయారు. సైరను స్తంభాలు తీరంలో ఉన్నాయి, చావు కొండల్లో వచ్చింది. అక్కడి కొండ గూడేనికి కబురు మోసే ఖర్చు ఎవరి బడ్జెట్టులో ఉంది? ఇది అందరం అడగవలసిన ప్రశ్న.

తల్లిదండ్రులకు, పిల్లలకు నాలుగు పనులు అప్పగించి ముగిస్తాను.

మొదటిది, మీ పంచాయతీ లేక మునిసిపాలిటీ బడ్జెట్టు కాగితం ఒకసారి చదవండి. అందులో హెచ్చరిక ఏర్పాట్ల నిర్వహణకు ఒక పద్దు ఉందా, లేదా చూడండి. లేకపోతే గ్రామసభలో, వార్డు సభలో మర్యాదగా అడగండి.

రెండవది, మీ ఊరి షెల్టరు ఖాతా మీద ఎవరి సంతకాలు నడుస్తున్నాయో, వాళ్లు ఊళ్లో ఉన్నారో లేదో కనుక్కోండి.

మూడవది, ఒడిశాలో ఏటా అక్టోబరు 29ని విపత్తు సన్నద్ధత దినంగా పాటిస్తారు. ఆ రోజున మీ వీధిలో ఒడియా, ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లు ఎవరెవరు ఉన్నారో జాబితా రాసుకోండి. ఒక్కొక్క విద్యార్థి రెండు ఇళ్లు తీసుకోండి. హెచ్చరిక వచ్చిన రాత్రి ఆ రెండు ఇళ్ల తలుపులు తట్టి, తెలుగులో చెప్పి రావడం మీ పని. ఫైలిన్ నాడు జనాన్ని కాపాడినది ఇలాంటి మనుషులేనని ఇందాక చెప్పాను కదా.

నాలుగవది ఇంటి పని. ఈ రోజు ఇంటికి వెళ్లగానే టార్చిలైటు వెలుగుతోందో లేదో చూడండి.

చివరగా ఒక మాట. ఈ రోజు మీ చేతికి వచ్చే ఉపకార వేతనం ఎక్కడిది? ఎప్పుడో పెద్దలు కూడబెట్టి వేసిన నిధి మీద వడ్డీ కొంత, ఏటేటా మరచిపోకుండా ఇచ్చేవారి చందా కొంత. ఆ ఏటేటా ఇచ్చేవారి పేర్లు శిలాఫలకం మీద ఉండవు. కాని వాళ్లు ఒక్క ఏడాది మానేస్తే మీలో కొందరి చదువు ఆగుతుంది. రేపు మీరు ఉద్యోగాలలో కుదురుకున్నాక, ఊరికి కొత్తది ఏదైనా కట్టించగలిగితే సంతోషమే. కట్టించలేకపోయినా, ఉన్నది పనిచేయడానికి ఏటా కొంత ఇచ్చేవారిలో ఒకరిగా ఉండండి. కౌంటరు వెనుక కూర్చునే ఉద్యోగం వస్తే, తిరిగి వచ్చిన చెక్కుతో నిలబడిన మనిషికి తర్వాత ఏమి చేయాలో కూడా చెప్పి పంపండి.

మా నాన్నగారి చేతికర్ర ఇప్పటికీ మా ఇంట్లో తలుపు పక్కన ఉంది. దాని పక్కనే ఒక ట్రాన్సిస్టరు ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీన, ఒకప్పుడు బ్యాంకులో నెలవారీ లెక్క సరిచూసినట్లు, అది పలుకుతోందో లేదో చూస్తాను.